అవటు గ్రంథి – పక్షవాతము: మన ఆరోగ్య వ్యాసాలపై ఒక విమర్శ

మా దేవనకొండ ప్రాంతములో ‘థైరాయిడ్’ అను మాట నా చిన్నతనములో ఆసుపత్రి గోడల లోపలి మాట. నేడది రచ్చబండ మాట అయినది. ఆదోనికో యెమ్మిగనూరుకో పనిమీద పోయినవారు పనిలో పనిగా రక్తపరీక్ష చేయించుకొని, చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసికొని వస్తున్నారు. ఆ చీటీలో మూడు అంకెలుండును. ఆ అంకెల అర్థము చెప్పే బాధ్యతను వైద్యులతోపాటు మన తెలుగు పత్రికల ఆరోగ్య పుటలు కూడ తమ నెత్తిన వేసికొన్నవి. మంచిదే. కాని ఈ మధ్య ఆ పుటలలో తరచుగా కనుపించే ఒక వాక్యమున్నది. దాని సారాంశము, థైరాయిడ్ సమస్య ఉన్నవారికి పక్షవాతము వచ్చే ప్రమాదము హెచ్చు అని. ఈ వ్యాసములో నేను విమర్శింపబూనినది ఆ ఒక్క వాక్యాన్నే.

నేను వైద్యుణ్ణి కాను. కళాశాలలో జంతుశాస్త్రము బోధించేవాణ్ణి. విద్యార్థులచేత ఇట్టి వ్యాసాలు చదివించి, అందులోని వాక్యాలను ఒక్కొక్కటిగా విప్పించి, ఏది రుజువైనది, ఏది ఊహ, ఏది తారుమారైనది అని అడగడము నాకు అలవాటు. ఈ వాక్యము మాత్రము తరగతిలోనే ఆగలేదు. మా ఇంటిదాకా వచ్చినది.

మా మేనత్తకు 68 ఏండ్లు. మామ పక్షవాతముతో మూడేండ్లు మంచము పట్టి పోయినాడు. ఆమెకు ఆ జబ్బంటే ఉన్న భయము ఇంత అని చెప్పరానిది. ఒక పరీక్షలో ఆమెకు టీ.ఎస్.హెచ్. కొద్దిగా ఎక్కువని తేలినది. వైద్యుడు అతి చిన్న మోతాదులో, రోజుకు 25 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వ్రాసి, మూడు నెలలకు మరల రమ్మన్నాడు. అటుపిమ్మట మనుమడు ఒక దినపత్రిక ఆరోగ్య పుటను ఆమెకు చదివి వినిపించినాడు. థైరాయిడ్ తగ్గితే పక్షవాతము వచ్చునని అందులో ఉన్నది. ఆమె ఎవరినీ అడుగలేదు. మాత్రలు రెండు చేసినది, తరువాత మూడు, చివరకు నాలుగు. మందుల అంగడిలో అడిగినన్ని ఇచ్చినారు. నేను సెలవులకు పోయి చూచేసరికి చిక్కి సగమై, చెమటలు కారుతూ, చేతులు వణకుతూ ఉన్నది. “ఒకటి మంచిదైతే నాలుగు ఇంకా మంచివే కదప్పా” అన్నది. కర్నూలులో ఈ.సి.జి. తీస్తే గుండె క్రమము తప్పి కొట్టుకొంటున్నది, టీ.ఎస్.హెచ్. సున్నాకు చేరువలో ఉన్నది. మాత్రలు సరిచేసిన కొన్ని వారాలకు నాడి తిరిగి దారికి వచ్చినది. ఆమెకు పక్షవాతము రాలేదు. ఐతే ఆ వ్యాసము ఏ ప్రమాదము నుండి ఆమెను తప్పింపదలచినదో, ఆ ప్రమాదపు వాకిటిలోనికే ఆమెను నడిపించినది. ఎట్లో చెప్పవలెనంటే ముందుగా మాటల సంగతి తేల్చుకోవలెను.

‘నాకు థైరాయిడ్ వచ్చింది’ అంటారు మనవారు. థైరాయిడ్ రాదు, పుట్టుకతో అందరికీ ఉన్నదే. అది గొంతు ముందుభాగాన, శ్వాసనాళానికి అటూ ఇటూ సీతాకోకచిలుక రెక్కలవలె అతుకుకొని ఉండే గ్రంథి. డాలు ఆకారమును సూచించే గ్రీకు మాటనుండి ఆ పేరు దానికి పెట్టినవాడు 1656లో థామస్ వార్టన్ అను ఆంగ్ల వైద్యుడు. మన పాఠ్యపుస్తకాలు దానిని అవటు గ్రంథి అన్నవి. ఇక్కడ ఒక చిన్న ముచ్చట: అమరకోశము ప్రకారము అవటువు అనగా మెడ వెనుక భాగము, పెడతల. గ్రంథి ఉన్నదేమో ముందు! ఆ మాట పుట్టించిన పండితుని తప్పుపట్టి ప్రయోజనము లేదు. రూఢి అయినది కాబట్టి మన మదే వాడుకొందము. నా అభ్యంతరము పేరుమీద కాదు. హార్మోను ఎక్కువగా స్రవించే జబ్బును, తక్కువగా స్రవించే జబ్బును, రెంటినీ ‘థైరాయిడ్’ అను ఒకే సంచిలో వేసి మూతి కట్టడముమీద. కరవును, వరదను కలిపి ‘వాన సమస్య’ అంటే మా రైతులు నవ్వుతారు. ఆరోగ్య పుట మాత్రము అదే పని చేసి ‘థైరాయిడ్ సమస్య’ అంటున్నది.

రెండవ చిక్కు చీటీలోనిది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టీ.ఎస్.హెచ్. అను హార్మోనును విడుదల చేసి అవటు గ్రంథిని పని చేయిస్తూ ఉండును. అవటు గ్రంథి థైరాక్సిన్‌ను, అనగా టీ-4ను, దానితో కొద్దిగా టీ-3ని రక్తములోకి వదులును. శరీర కణాలలో టీ-4 నుండి ఒక అయొడిన్ పరమాణువు ఊడి టీ-3 అగును. నిజముగా పనిచేసేది అదే. చేనికి నీరు చాలకపోతే రైతు కాలువమీది మనిషిని గట్టిగా కేకవేయును. నీరు ఎక్కువైతే నోరు మూసుకొనును. టీ.ఎస్.హెచ్. ఆ కేక వంటిది. హార్మోను తగ్గితే అది పెరుగును, హార్మోను పెరిగితే అది తగ్గును. కాబట్టి చీటీలో టీ.ఎస్.హెచ్. ఎదుట ‘ఎక్కువ’ అని ఉంటే గ్రంథి మందగించినదని అర్థము. ‘థైరాయిడ్ ఎక్కువ ఉంది’ అని ఊరిలో చెప్పుకొనేవారిలో చాలమందికి నిజముగా ఉన్నది తక్కువ. ఈ తలక్రిందుల లెక్కను ఒక్కసారైనా విడమరచి చెప్పని వ్యాసము తరువాత ఏమి చెప్పినా పాఠకుడు తిరగవేసి అర్థము చేసికొనును.

ఇక అసలు విషయము. హార్మోను అధికమైనప్పుడు పక్షవాతము వచ్చే దారి బాగా తెలిసినదే. థైరాయిడ్ హార్మోను గుండె కండరాన్ని వేగిరపరచును. అది మితిమీరినప్పుడు గుండెలోని పై గదులు, అనగా కర్ణికలు, లయతో ముడుచుకొనడము మాని, గాలికి ఆకులవలె నిమిషానికి వందల పర్యాయాలు అదరడము ప్రారంభించును. దీనిని కర్ణికా కంపనము అనవచ్చును. అదరే గదిలో రక్తము సాగక నిలిచిపోవును. ముఖ్యముగా ఎడమ కర్ణికకు చిన్న జేబువంటి మూల ఒకటి కలదు. అందులో నిలిచిన రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ ఒకనాడు ఊడి, ప్రవాహములో పడి, మెదడుకు పోయే నాళాన్ని మూసివేయును. ఆ క్షణములో మనిషి ఒక పక్క పడిపోవును. కర్ణికా కంపనమున్నవారికి పక్షవాతపు ప్రమాదము సుమారు 5 రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణములో 1948 నుండి సాగుతున్న పరిశీలన 1991లో చూపినది. ఆ పట్టణములోనే 60 ఏండ్లు దాటిన 2007 మందిని పది సంవత్సరాలు గమనించి 1994లో మరొక ఫలితము ప్రకటించినారు. టీ.ఎస్.హెచ్. 0.1 గాని అంతకు తక్కువ గాని ఉన్నవారిలో నూటికి 28 మందికి కర్ణికా కంపనము వచ్చినది. మామూలుగా ఉన్నవారిలో నూటికి 11 మందికి. మా అత్తకు జరిగినది ఇదే. ఆమెలో హార్మోనును పెంచినది గ్రంథి కాదు, మాత్ర, అంతే భేదము. గుండెకు ఆ భేదము తెలియదు.

ఈ దారి ఇంత స్పష్టముగా ఉన్నప్పటికీ, నేను చదివిన వ్యాసాలలో నాడి మాట దాదాపు కనుపించదు. మణికట్టుమీద మూడు వేళ్ళు పెట్టి చూచుకొనే పని. కాని ఖర్చు లేదు. కొట్టుకొనడము ఒక వరుసలో లేక, ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యముగా, ఒకటి బలముగా, ఒకటి లేనట్లుగా ఉంటే ఈ.సి.జి. తీయించుకోవలెనని ఒక్క పంక్తి వ్రాస్తే చాలును. మన దేశములో చిన్న వయసులోనే కర్ణికా కంపనము రావడానికి మరొక కారణము కూడ కలదు: బాల్యములో గొంతునొప్పి, కీళ్ళవాపులతో వచ్చే రుమాటిక్ జ్వరము గుండె కవాటాన్ని చెడగొట్టడము. అట్టి గుండెకు హార్మోను ఆధిక్యము తోడైతే ముప్పు రెండింతలని వేరుగా చెప్పనక్కరలేదు.

యువకుల విషయములో తైవాన్ దేశపు లెక్కలు 2010లో వచ్చినవి. 18 నుండి 44 ఏండ్ల మధ్య వయసుగల, హార్మోను ఆధిక్యమున్న 3,176 మందిని, ఆ జబ్బు లేని 25,408 మందిని ఐదేండ్లు పోల్చి చూచినారు. ప్రమాదము 1.44 రెట్లని తేల్చినారు. మన వ్యాసకర్తల చేతికి ఇది వచ్చినప్పుడు ‘44 శాతము అధికము’ అయి కూర్చున్నది. అబద్ధము కాదు. కాని ఆ ఐదేండ్లలో పక్షవాతము వచ్చినది జబ్బున్నవారిలో వెయ్యికి సుమారు 10 మందికి, లేనివారిలో వెయ్యికి 6, 7 మందికి. వెయ్యిమందిలో ముగ్గురు నలుగురు అదనము. శాతము విన్నవాడు ఉలిక్కిపడును, వెయ్యి లెక్క విన్నవాడు ఆలోచించును. రెండూ వ్రాయవలెను. ఒకటే వ్రాయదలచుకొంటే రెండవదే వ్రాయవలెనని నా అభిప్రాయము.

హార్మోను తక్కువైన పక్షము ఇంత సూటిగా లేదు. గ్రంథి బాగా మందగించినప్పుడు కాలేయము రక్తములోని చెడ్డ కొలెస్టెరాల్‌ను తీసివేసే శక్తి తగ్గును. రక్తనాళాలు బిగుసుకొని రక్తపోటులోని కింది అంకె పెరుగును. ఏండ్ల తరబడి చికిత్స లేక ఇది సాగితే నాళాలు పూడుకొనడము సహజము. ఇంతవరకు తర్కము నిలుచును. కాని మన ఊళ్ళలో మాత్రలు వాడేవారిలో పెక్కుమందిది ఇంత ముదిరిన స్థితి కాదు. టీ.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగి, టీ-4 మామూలుగానే ఉండే స్థితి. వైద్యులు దీనిని లక్షణాలు బయటపడని మాంద్యమందురు. ఇది పక్షవాతానికి దారితీయునా?

ఈ ప్రశ్నకు ఇప్పటికి ఉన్న గట్టి జవాబు 2015లో వచ్చినది. వివిధ దేశాలలోని 17 పరిశీలనల నుండి 47,573 మంది వివరాలు ఒకచోట చేర్చి లెక్కించినారు. వారిలో 3,451 మందికి ఈ స్వల్ప మాంద్యము ఉన్నది. మొత్తముమీద వారి పక్షవాత ప్రమాదము 1.05 రెట్లు, అనగా తేడా లేదన్నమాటే. ఐతే వయసులవారీగా విడదీసినప్పుడు 18 నుండి 49 ఏండ్లవారిలో 3.32 రెట్లు కనుపించినది. ఈ రెండవ అంకె వ్యాసాలకు ఎక్కినది, మొదటిది ఎక్కలేదు! పైగా ఆ 3.32 చుట్టూ ఉన్న అనిశ్చితి 1.25 నుండి 8.80 దాకా వ్యాపించి ఉన్నది. అంత వెడల్పు ఎందుకనగా ఆ వయసులో పక్షవాతము వచ్చినవారే బహు తక్కువ. చేతిలో నాలుగు గింజలు పెట్టుకొని పంట దిగుబడి చెప్పినట్లు. ఈ ఫలితాన్ని త్రోసివేయమని నేను అనడము లేదు. చిన్న వయసువారిని వైద్యులు జాగ్రత్తగా గమనించుటకు అది తగిన కారణమే. కాని 68 ఏండ్ల మనిషికి దానిని చదివి వినిపించి భయపెట్టుట ఏ విధముగానూ న్యాయము కాదు. ముసలితనములో టీ.ఎస్.హెచ్. కొంత పెరుగుట సహజమని ఆ పరిశోధకులకు తెలుసు. ఆరోగ్య పుటకు తెలియదు.

మందు సంగతి కూడ చూడవలెను. 65 ఏండ్లు దాటిన, స్వల్ప మాంద్యమున్న 737 మందిలో సగము మందికి థైరాక్సిన్, సగము మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఐరోపాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చినవి. అలసట మొదలైన బాధలలో రెండు గుంపులకు భేదము కనుపించలేదు. పక్షవాతము తగ్గునా లేదా అని తేల్చుటకు అది చాలినంత పెద్దది కాదు, ఆ మాట కూడ చెప్పవలెను. మరొక వైపు, 2022లో అమెరికా మాజీ సైనికులలో థైరాయిడ్ మందులు వాడే 7,05,307 మంది లెక్కలు వెలువడినవి. మందు ఎక్కువై హార్మోను మితిమీరినవారిలోను, మందు చాలక హార్మోను తగ్గినవారిలోను, గుండె జబ్బులచేత, పక్షవాతముచేత మరణాలు హెచ్చుగా కనుపించినవి. ఇది రెండంచుల కత్తి. ఒక అంచునే చూపే వ్యాసము పాఠకుని రెండవ అంచుమీదికి నెట్టును.

ఇంకొక సూక్ష్మము కలదు. మామూలు హద్దులలో ఉన్నవారిలోనే టీ.ఎస్.హెచ్. కొంచెము అధికముగా ఉన్నవారికి పక్షవాతము కొంచెము తక్కువ అని 2016 నాటి మరొక సామూహిక లెక్క చూపినది. జన్యువుల ఆధారముగా 2020లో చేసిన పరిశోధన దానికి బలమిచ్చినది. పుట్టుకతోనే టీ.ఎస్.హెచ్. కాస్త హెచ్చుగా ఉండే జన్యువులు పొందినవారిలో పక్షవాతము కాస్త తక్కువ. ఆ తేడా కర్ణికా కంపనము ద్వారానే కలుగుచున్నదని వారు కనుగొన్నారు. జన్యువులు జబ్బు రాకముందే పంచబడినవి కాబట్టి, ఏది కారణము ఏది ఫలితము అను తగవు ఇక్కడ చాల మటుకు తీరును. అంటే రుజువుల మొగ్గు ఆధిక్యమువైపు ఉన్నది. మన వ్యాసాల మొగ్గు మాంద్యమువైపు ఉన్నది. ఎందుకో ఊహించుట కష్టము కాదు: మాంద్యమున్నవారే సంఖ్యలో ఎక్కువ, చదివేవారూ వారే, మాత్రలు కొనేవారూ వారే.

కారణానికి, ఫలితానికి మధ్య తగవు అన్నాను. దానికి మంచి ఉదాహరణ పక్షవాతము వచ్చిన తరువాతి రక్తపరీక్ష. ఆసుపత్రిలో చేరిన రోగులలో చాలమందికి టీ-3 తక్కువగా ఉండును. అది ఎంత తక్కువైతే కోలుకొనడము అంత కష్టమని అనేక ఆసుపత్రుల అనుభవము. దీనిని పట్టుకొని ‘టీ-3 తగ్గుట వలన పక్షవాతము’ అని వ్రాసినవారున్నారు. నిజానికి ఏ పెద్ద జబ్బు వచ్చినా, నిమోనియా గాని, కాలిన గాయాలు గాని, శరీరము టీ-4ను టీ-3గా మార్చుట తగ్గించును. పొదుపు చర్య అనుకోవచ్చును. ఇల్లు కాలిన తరువాత బావిలో నీరు తగ్గినదని చూచి, నీరు తగ్గుటవల్ల ఇల్లు కాలినదనుట ఎటువంటిదో ఇదీ అటువంటిదే. విద్యార్థులు ఈ తప్పును వెంటనే పట్టినారు. వ్యాసకర్త పట్టకపోవడము విచారకరము.

ఇంతకూ ఈ అంకెలు ఎవరివి? ‘మన దేశములో పదిమందిలో ఒకరికి’ అని చాలచోట్ల కనుపించే మాటకు మూలము 2013లో ప్రకటితమైన ఒక సర్వే. ఎనిమిది నగరాలలో 5,376 మంది వయోజనులను పరీక్షించినారు; అందులో హైదరాబాదు ఒకటి. మాంద్యము నూటికి 10.95 మందిలో ఉన్నదనియు, స్వల్ప మాంద్యము వేరుగా నూటికి 8.02 మందిలో ఉన్నదనియు తేలినది. శ్రద్ధగా చేసిన పనే. కాని అది నగరాల లెక్క. జొన్నరొట్టె, కొర్రన్నము తిని, వేరుశనగ చేలలో పనిచేసి, కరవు సంవత్సరములో పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరువైపు వలసపోయే దేవనకొండ మనిషి అందులో లేడు. ‘దేశములో’ అని వ్రాయునప్పుడు ‘నగరాలలో’ అను మాటను దిగమింగుట చిన్న తప్పు కాదు.

తెలుగు పల్లెల లెక్క కావలెనంటే గోదావరి జిల్లాలకు పోవలెను. అక్కడి 45 గ్రామాలలో 2003–04 ప్రాంతములో పన్నెండు నెలలపాటు జరిగిన 1,354 మరణాలకు కారణాలు విచారించినారు. గుండె, రక్తనాళాల జబ్బులు నూటికి 32; ఒక్క పక్షవాతమే నూటికి 13. ఆ గ్రామాలవారు పల్లెటూళ్ళలో చచ్చేది జ్వరాలతోనే అను పాత నమ్మకాన్ని తుడిచిపెట్టినారు. పక్షవాతము మనకెంత ముఖ్యమో ఆ అంకె చెప్పును. మరి దానికి కారణాలేవి? 32 దేశాలలో, మన దేశముతో సహా, 13,447 మంది పక్షవాత రోగులను ఆరోగ్యవంతులతో పోల్చి 2016లో వెలువరించిన ఇంటర్‌స్ట్రోక్ పరిశోధనలో పది కారణాలే ప్రమాదములో నూటికి 90 పాళ్ళకు పైగా వివరించినవి. అన్నింటికంటె పెద్దది రక్తపోటు. సుమారు సగము దానిదే. పొగాకు, మధుమేహము, మద్యము, కదలిక లేమి, ఆహారము, కొలెస్టెరాల్ పాళ్ళు, నడుము కొవ్వు, మానసిక ఒత్తిడి, గుండె జబ్బులు తక్కినవి. అవటు గ్రంథి పేరు ఆ పదింటిలో లేదు. గుండె జబ్బుల కింద కర్ణికా కంపనము రూపములో అది తలదాచుకొని ఉన్నదనవచ్చును, అంతే.

ఇక్కడ నాకు కొంచెము కోపము వచ్చును, పాఠకులు మన్నింతురు గాక. మా మండలములో థైరాయిడ్ పరీక్షకు వందల రూపాయలు ఖర్చు చేసి, రక్తపోటు అంకె మాత్రము తెలియనివారు నాకు పదిమందిని చూపగలను. పట్టీ కట్టి గాలి కొట్టి చూచే ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితము. నూటికి యాభై పాళ్ళు కారణమైన దానిని వదలి, పదింటిలో లేనిదానికి పుట మొత్తము కేటాయించడము కొలతల తప్పు. శాస్త్రమంటే ముందు కొలత.

ఈ కొలత మనకు తెలియనిది కాదు. అవటు గ్రంథి విషయములోనే ప్రపంచము గౌరవించిన పరిశోధన చేసినవాడు మన తెలుగువాడు. శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో తన సహచరులతో హిమాలయాల పాదాన ఉన్న కాంగ్రా లోయలో పని మొదలుపెట్టినాడు. అక్కడ గొంతువాపు ఇంటింటా ఉన్నది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు పంపినారు. 1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్నచోట్ల వాపు గణనీయముగా తగ్గినది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. అప్పుడు ఆ మూడవ భాగానికి కూడ అయొడిన్ ఉప్పు ఇచ్చినారు, అక్కడా తగ్గినది. ఆ ఏటనే జాతీయ గొంతువాపు నివారణ కార్యక్రమము ప్రారంభమైనది. ఇందులో ముఖ్యమైనది ఆ మూడవ భాగము. పోల్చుటకు ఒక గుంపు లేకుండ ‘దీనివల్ల అది’ అని రామలింగస్వామి అనలేదు. మన వ్యాసాలు పది నిమిషాలలో అనేస్తున్నవి.

అయొడిన్ ప్రసక్తి వచ్చినది కాబట్టి ఒక హెచ్చరిక. 1966లో టాస్మేనియా ద్వీపములో రొట్టెపిండిలో అయొడిన్ కలిపిన కొత్తలో, పాత గొంతువాపులున్న వృద్ధులలో హార్మోను ఆధిక్యము కొంతకాలము పెరిగినది. దీనిని విని, ఉప్పులోని అయొడినే పక్షవాతము తెచ్చునని ప్రచారము చేసేవారు బయలుదేరగలరు. అది శుద్ధ తప్పు. కొత్తలో కొందరికి కలిగిన ఆ పొంగు తానే అణగిపోయినది. అయొడిన్ లేమి వలన పుట్టబోయే బిడ్డ మెదడుకు కలిగే నష్టము అణగేది కాదు. మంచి ఉప్పు మానరాదు.

వ్యాసకర్తలకు అన్యాయము చేయదలచుకోలేదు. వారి పుణ్యమా అని నిజముగా గ్రంథి మందగించి, ఒళ్ళు ఉబ్బి, మాట మొద్దుబారి, ‘సోమరి’ అని ఇంట్లో తిట్లు తిన్న స్త్రీలు ఎందరో పరీక్ష చేయించుకొని కోలుకొన్నారు. అట్టివారు మాత్ర మానరాదు. నా వ్యాసము చదివి మానినచో ఆ పాపము నాది. ఎవరి మోతాదు ఎంతో ఆరు వారాలకో, రెండు నెలలకో పరీక్ష చేసి వైద్యుడు నిర్ణయించవలెను. పెంచేదీ తగ్గించేదీ మనము కాదు, పత్రిక అంతకన్నా కాదు.

మరొక లోటు చెప్పి ముగింతును. పక్షవాతము వచ్చునని ఇంత వ్రాసిన వ్యాసాలలో, వచ్చిన గడియలో ఏమి చేయవలెనో ఒకటి రెండింటిలో తప్ప కనుపించలేదు. మూతి ఒక పక్కకు వాలినా, చేయి పైకెత్తితే జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోను చేయవలెను. నాళము మూసుకొన్నదని సి.టి. స్కానులో తేలితే గడ్డను కరిగించే సూదిమందు నాలుగున్నర గంటలలోపే పనిచేయును. రక్తము చిట్లి కారిన పక్షవాతమైతే ఆ మందు ప్రాణాంతకము, అందుకే స్కాను ముందు. దేవనకొండ నుండి కర్నూలు పెద్దాసుపత్రికి ఆ వ్యవధిలో చేరవచ్చును, బయలుదేరితే. మామను ఆనాడు మొదట పసరు మందుకు తీసుకొనిపోయినారు. మూడవనాడు కర్నూలు.

మా తరగతిలో ఆ దినపత్రిక వాక్యాన్ని తిరిగి వ్రాయమన్నాను. గంటసేపు తర్జనభర్జన జరిగినది. చివరకు వారు నల్లబల్లమీద వ్రాసినది ఇది: “అవటు గ్రంథి హార్మోను ఎక్కువైతే, అది జబ్బు వలన గాని మాత్ర ఎక్కువగుట వలన గాని, గుండె లయ తప్పి పక్షవాతము రావచ్చును. హార్మోను బాగా తక్కువై చికిత్స లేకపోతే రక్తనాళాలు చెడవచ్చును. టీ.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగిన వృద్ధులలో పక్షవాతము పెరిగినట్లు రుజువు లేదు. ముందు రక్తపోటు చూపించుకోండి.” ఒక వాక్యము నాలుగు వాక్యాలైనది. వెనుక బల్ల నుండి ఒక అమ్మాయి, “సార్, పేపరులో ఇంత చోటు ఇస్తారా?” అని అడిగినది. పోస్టుకార్డుమీద సరిపోవునని లెక్కపెట్టి చూచి, ఆ పత్రికకు పంపినాము. మా అత్తకు మరొక కార్డుమీద అదే వ్రాయించి ఇచ్చినాను. ఆమె దానిని మాత్రల డబ్బాలో పెట్టుకొన్నది.